ఒకటి తర్వాత పది

క్వోఫీ బాబాయి తకొరాడీ రేవుపట్నం రైల్వేలో ముప్ఫై ఒక్క ఏళ్లు టైంటేబుల్ గుమాస్తాగా పనిచేశాడు. ఆయన రాసిన వేళకి ఒక్క రైలైనా వచ్చిందో లేదో చెప్పలేను గాని, ఆయన మాత్రం ఆ వేళల ప్రకారమే నడిచాడు. రిటైరయ్యాక కూడా ఆరుంబావుకి పళ్లు తోముకోవడం, ఏడింటికి గంజి, ఏడున్నరకి చొక్కా ఇస్త్రీ. ఒంటిగంట దాటి అయిదు నిమిషాలైనా అన్నం రాకపోతే గోడ గడియారం వైపు చూసేవాడు. ఆ చూపుకి భార్య అరబా పిన్ని ఒళ్లు మండేది.

2006లో, ఓడలో వంటపని చేసే మేనల్లుడు ఆయనకొక సీడీ ప్లేయర్ తెచ్చి ఇచ్చాడు. సాసరంత గుండ్రటి వస్తువు, చెవుల్లో పెట్టుకునే తీగతో సహా. మార్కెట్ పక్కనున్న నా టైపింగ్, సీడీ రైటింగ్ దుకాణానికి అది పట్టుకుని వచ్చాడు.

"అమ్మాయ్ మాన్సా, దీంట్లో ఒక్క సీడీకి నూట యాభై పాటలు పడతాయట. నిజమేనా?"

"ఎంపీత్రీలు చేస్తే పడతాయి బాబాయ్. మామూలుగా అయితే పదిహేనో ఇరవయ్యో."

"ఒక పెట్టెలో నూట యాభైమందిని ఎక్కిస్తే ఊపిరాడొద్దూ?"

"ఒక్కొక్కణ్ణీ బక్కచిక్కించి ఎక్కిస్తాం. పైకి తేడా తెలీదు."

"నీకు తెలీదేమో. నాకు తెలుస్తుంది" అన్నాడు. అయినా మర్నాడే పాత క్యాసెట్లన్నీ చేపల గంపలో పోసుకుని, ఒక నోటుబుక్కుతో సహా దిగాడు. మొత్తం ఆరువందల పన్నెండు పాటలు. ఒక్కో క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించి, కుదించి, ముక్కలు చేసేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆయన నా పక్క స్టూలు దిగలేదు.

పాటల్ని పాడినవాళ్ల పేర్లతో సర్దుదామన్నాను. ఒప్పుకోలేదు. "పాడినవాడితో నాకేం పని? నేనెప్పుడు వింటానో అదే ముఖ్యం" అన్నాడు. అలా ఫోల్డర్లు పుట్టాయి. పొద్దుటి పాటలు. ఇస్త్రీ పాటలు. వాన పాటలు. చర్చి నుంచి వచ్చాక వినేవి. చర్చి బృందం వాన మీద పాడిన పాట ఒకటి తగిలినప్పుడు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదాయనకి. అదెక్కడ పెట్టాలో తేలక ఆ పాటకోసమే ఒక ఫోల్డర్ తెరిచాం.

ఒకరోజు భోజనానికి పిలుద్దామని అరబా పిన్ని నా దుకాణానికి వచ్చింది. తెర మీద రెండు ఫోల్డర్లు కనిపించాయి. ఒకదాని పేరు "అరబాకి కోపం వచ్చినప్పుడు". అందులో నలభై ఒక్క పాటలు. దాని కింద "అరబా సంతోషంగా ఉన్నప్పుడు". అందులో మూడు.

"ఏమయ్యా" అంది పిన్ని, నిదానంగా. "ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నేను నవ్వింది మూడు పాటలంతసేపేనా?"

నేను కీబోర్డు దులుపుతున్నట్టు తల దించుకున్నాను. బాబాయి కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అది కాదే. నువ్వు సంతోషంగా ఉంటే నాతో మాట్లాడతావు కదా. నీ మాటలు వింటా గాని, పాటలెందుకు?"

అలాంటి జవాబు ఆయనకెక్కణ్ణుంచి ఊడిపడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిన్ని భోజనానికి రమ్మని చెప్పి వెళ్లిపోయింది. ఆ పూట మొక్కజొన్న కెంకే ముద్దతో పాటు రెండు చేపలు వేయించి పెట్టిందట.

ఆ ఏడాది ఆగస్టులో ఆయన పాత పై అధికారి, స్టేషన్ మాస్టర్ ఎసుమన్ పోయాడు. ఎసుమన్ ఎంత నిక్కచ్చి మనిషంటే, ప్లాట్‌ఫాం మీద ఈల వేసిన కూలీకి కూడా మెమో ఇచ్చేవాడట. శనివారం అంత్యక్రియలనగా గురువారం నాడు బ్యాండువాళ్లు ఇంకో ఊరి చావుకి ఒప్పుకుని ఎగ్గొట్టారు. ఎసుమన్ కుటుంబ పెద్ద టాండోగారు, ఒకప్పుడు ప్రైమరీ స్కూలు టీచరు, నేరుగా క్వోఫీ బాబాయి ఇంటికొచ్చారు.

"నీ దగ్గర పాటలన్నీ వరసలో ఉంటాయటగా క్వోఫీ. మా వాడిని నువ్వే సాగనంపాలి."

బాబాయి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. రాత్రికి రాత్రే పద్నాలుగు పాటల జాబితా వేశాడు. ఒకటి, శవపేటిక బయటికి తెచ్చేటప్పటి కీర్తన. రెండు నుంచి తొమ్మిది దాకా ప్రార్థనకీ, ఏడుపుకీ తగినవి. పది నుంచి పద్నాలుగు, పూడ్చిపెట్టి వచ్చాక భోజనాల దగ్గర డాన్సు పాటలు. ఒక్కోదానికీ వేళ కూడా రాసి, అయిదు కాపీలు తీయించి పాస్టరుగారికీ, పెద్దలకీ పంచాడు. ఆయన చెప్పినట్టే పాటల పేర్లు తీసేసి 1, 2, 3 అంటూ నంబర్లు పెట్టి సీడీ చేసి ఇచ్చాను. మొదటి పాట విని చూసుకుని, బ్యాటరీలు అరిగిపోతాయని వెంటనే ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

శనివారం నల్లబట్ట భుజాన వేసుకుని, ప్లేయర్ తీగ లౌడ్‌స్పీకర్‌కి తగిలించి కూర్చున్నాడు. మొదటి కీర్తన చక్కగా వచ్చింది. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. పాట అయిపోయింది. పాస్టరుగారు చేతులెత్తి, "ఈ క్షణాన మన సోదరుడు ఎసుమన్ ఎక్కడున్నాడో..." అన్నారో లేదో, ట్రంపెట్లు మోగాయి. డోళ్లు అందుకున్నాయి. ఒక తాగుబోతు గొంతు, కల్లు కుండ ఇంకా ఖాళీ కాలేదు, నన్నింటికి పొమ్మనకండ్రా అంటూ ఎత్తుకుంది.

అది పదో నంబరు.

బాబాయి "తర్వాత" బటన్ నొక్కాడు. పదకొండు వచ్చింది, ఒకామె నడుము ఊపు గురించి. మళ్లీ నొక్కాడు. పన్నెండు ఇంకా ఘోరం.

"బాబాయ్, ఆపెయ్!" అని అరిచాను.

"రైలు దారి మధ్యలో ఆపకూడదే!" అంటూ పదమూడు నొక్కాడు.

నేనే వెళ్లి తీగ పీకేశాను. పాట ఆగినా ఎసుమన్ అక్క ఎసాబా, ఎనభై నాలుగేళ్ల ముసలావిడ, నడుం మీద చేతులు పెట్టుకుని ఇంకా ఆడుతూనే ఉంది. "ఎందుకాపారు?" అని అందర్నీ కోప్పడింది.

సోమవారం టాండోగారింట్లో పంచాయితీ. పరువు తీసినందుకు రెండు శ్నాప్స్ సారా సీసాలు జరిమానా అన్నారు. బాబాయి లేచి, "ముప్ఫై ఒక్క ఏళ్లలో రెండో నంబరు బండి కంటే ముందు పదో నంబరు బండిని నేను వదల్లేదు" అని, తన జాబితా కాగితం తీసి అందరికీ చూపించాడు. నాకు జాలేసి సాక్ష్యానికి లేచాను.

"తప్పు యంత్రానిదండీ. అది నంబరును లెక్కలా చూడదు, మాటలా చదువుతుంది. ముందు ఒకటి అంకె ఉన్నవన్నీ ఒక గుంపుగా వేసేస్తుంది. ఒకటి, పది, పదకొండు... పద్నాలుగు అయ్యాకే రెండు."

టాండోగారు ఆలోచించారు. "అంటే, చదవడం వచ్చు, లెక్క రాదంటావు."

"అంతేనండి."

"అలాంటి పిల్లల్ని నలభై ఏళ్లు చూశాను. వాళ్లకి అరవై మార్కులిచ్చి పై క్లాసుకి పంపేవాణ్ణి." జరిమానా ఒక్క సీసాకి తగ్గించారు. దాన్ని వాళ్లందరూ అక్కడే తాగేశారు, బాబాయితో సహా.

మర్నాడు ఏడున్నరకి, చొక్కా కూడా ఇస్త్రీ చేసుకోకుండా, నా దుకాణం ముందు నిలబడ్డాడు. యంత్రానికి లెక్క నేర్పే మార్గముందా అని అడిగాడు. అంకెల ముందు సున్నాలు పెడితే సరిపోతుందన్నాను. ఆరువందల పన్నెండు పాటలకీ 001 నుంచి నంబర్లు వేశాం. మూడు వారాల పని. అప్పటినుంచి మార్కెట్లో ఆయన్ని సున్నా సున్నా క్వోఫీ అనేవారు. మొదట్లో తిట్టేవాడు. తర్వాత టాక్సీ డ్రైవర్లు సీడీలు సర్దిపెట్టమని అదే పేరుతో వెతుక్కుంటూ రావడంతో పలకడం మొదలుపెట్టాడు.

ఎసుమన్ సంవత్సరీకానికి మళ్లీ ఆయన్నే పిలిచారు. ఈసారి అవే పద్నాలుగు పాటలకి సున్నాలు పెట్టి చేసిన సీడీని ఇంట్లో మొత్తం రెండుసార్లు విన్నాడు, బ్యాటరీలు పోతే పోయాయని. 001 తర్వాత 002, ఆ తర్వాత 003. ఒక్క పాటా గతి తప్పలేదు. ఎసాబా పెద్దమ్మ కుర్చీలో ఆవలిస్తూ కూర్చుంది. కాసేపటికి కర్ర పొడుచుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, ఆ కల్లు కుండ పాటేదిరా?"

బాబాయి కాగితం చూశాడు. "అది పదకొండున్నరకి, పెద్దమ్మా."

"నాకు ఎనభై అయిదు. పదకొండున్నర ఎవరు చూడొచ్చారు?"

బాబాయి గడియారం చూశాడు. కాగితం చూశాడు. టాండోగారి వైపు చూశాడు, ఆయనేమో ఆకాశం వైపు చూస్తున్నారు. పదో నంబరు వచ్చేదాకా బటన్ నొక్కుతూ పోయాడు. ట్రంపెట్లు మోగాయి. పెద్దమ్మ కర్ర నాకిచ్చి ఆడటం మొదలెట్టింది, అరబా పిన్ని కూడా వెళ్లి ఆమెతో కలిసింది.

బాబాయి మాత్రం జేబులోంచి పెన్ను తీసి, జాబితాలో 11.30 కొట్టేసి, దాని పైన చక్కటి దస్తూరీతో 9.40 అని దిద్దాడు.