బరాబర్ అయిన ఆట

పసుపు ఉడికే వాసన తగిలిందంటే ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే బీరువా మీదున్న సగం చదరంగం పలకను తడుముతుంది.

టేకు చెక్క మీద తాత స్వయంగా గళ్ళు గీసిన పలక అది. ఆర్మూర్‌లో పసుపు తవ్వే రోజుల్లో, దొడ్లో పసుపు ఉడికే పెద్ద కడాయి కింద పత్తికట్టె మండుతుంటే, ఆ పొగకు కళ్ళు నులుముకుంటూ, ఒడిలో పోసుకున్న ఉడికిన మొక్కజొన్న గింజలు, వేడి మక్క గుడాలు నములుతూ నేనూ తాతా ఆడుకునేవాళ్ళం. మా ఇంట్లో బంటు మొదట ఒక్క గడే కదిలేది. పోటీల్లో రెండు గడులు పోవచ్చని బడిలో సారు చెప్పాక, రాజు ముందరి బంటును రెండు గడులు తోసి, గుర్రాన్నీ దాని వెనక ఒంటెనూ బయటికి తియ్యడం తాతే నాకు నూరిపోశాడు.

బాపుకు ఆ ఆటంటే ఒళ్ళుమంట. "ముసలోడు పొల్లను ఖరాబ్ జేస్తుండు" అని గొణిగేవాడు. నేను నిజామాబాద్ పోటీకి పోతానంటే ఒకటే అన్నాడు: "గెల్చినవా, జిందగీ అంతా ఆడుకో. గెలువలేదా, గా పలక పొయ్యిల వడ్తది."

ఆఖరి ఆటలో బోధన్ పిల్లవాడొకడు ఎదురయ్యాడు. నా మొదటి ఎత్తులకే ఉక్కిరిబిక్కిరయ్యాడు. అతని గుర్రాన్ని కొట్టి పక్కన పెట్టగానే "బరాబరేనా?" అంటూ చెయ్యి చాచాడు. మా పసుపు మార్కెట్లో కాంటా ముల్లు మధ్యన నిలబడినా బరాబరే, మాట నిజమైనా బరాబరే. నా ఎత్తు మెచ్చుకుంటున్నాడనుకుని, పొంగిపోయి, "బరాబర్!" అని చెయ్యి కలిపాను. సమానంగా వదిలేద్దామా అని అడిగాడట! చెయ్యి కలిపాక ఇక మాటల్లేవన్నారు పోటీ నడిపేవాళ్ళు, చెరి సగం పాయింటు రాశారు. గెలిచే ఆట!

ఇంటికొచ్చేసరికి బాపు కడాయి దగ్గరే ఉన్నాడు.

"ఓడలేదు బాపూ, బరాబర్ అయింది" అన్నాను, ఆశ చావక.

"బరాబరా? అయితే నేను గూడ బరాబరే జేస్త."

గొడ్డలి తెచ్చి పలకను నడిమికి చీల్చి, ఒక ముక్క పొయ్యిలో పడేసి, రెండోది నా చేతిలో పెట్టాడు.

"కొడుకా, గది నా పానం రా" అంటూ తాత లేవబోయాడు.

"కూసో" అన్నాడు బాపు.

తాత కూర్చున్నాడు. మళ్ళీ ఎప్పుడూ నాతో ఆట మాటెత్తలేదు. పలక సంగతి ఏమో గానీ, ఆ "కూసో"ను నేనీనాటికీ క్షమించలేదు.

ఇప్పుడు పసుపును ఆవిరి యంత్రాలు ఉడికిస్తున్నాయి. మా కడాయి పాత ఇనుము కింద పోయింది, తాత పోయాడు, మక్క గుడాలు నమిలే పళ్ళు నాకూ కదులుతున్నాయి. బాపు పోయిననాడు చుట్టాలంతా నా మొహంలోకే చూస్తుంటే, సగమే ఏడ్చాను.

బరాబర్.