పంచవర్ణం కోసం ఏరిన చక్రాలు

డెబ్బయ్యవ దశకంలో తమిళనాడు ధర్మపురిలో పెళ్ళిళ్ళు చేసుకున్న మగవాళ్ళలో చాలామంది అంజప్ప పక్కన కూర్చుని ఊరేగినవాళ్ళే. పెళ్ళికి ముందురోజు సాయంత్రం వరుణ్ణి టాపు లేని కారులో కూర్చోబెట్టి, ముందు నాదస్వరం సాగుతుండగా వీధులన్నీ తిప్పడం అక్కడి ఆచారం. దాన్ని మాప్పిళ్ళ అళైప్పు, అంటే పెళ్ళికొడుకు పిలుపు, అంటారు. ఏర్కాడులో కాఫీ తోట అమ్ముకుని వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర అంజప్ప కొన్న రెండు సీట్ల ఇంగ్లీషు కారుకు ఆ చుట్టుపక్కల పోటీ లేదు. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన బండి అది. ఇప్పుడు మేళగాళ్ళ వెనక ముసలి ఎద్దులా నడిచేది.

ఊళ్ళో అందరినీ పెళ్ళికొడుకుల్ని చేసిన ఈ మనిషికి మాత్రం పెళ్ళి కాలేదు. అందుకు అతనికి దిగులేమీ లేదు, ఎందుకంటే పెళ్ళాం ఎప్పుడో పుట్టింది. అక్క వెంకటలక్ష్మమ్మ ఆడపిల్లను కన్న రోజున, "ఇదో, నీ పెండ్లాం పుట్టిందిరా" అని తనే ఆ బిడ్డను తమ్ముడి ఒళ్ళో పడుకోబెట్టింది. అక్కకూతురు మేనమామకే అన్నది ఆ తెలుగు ఇళ్ళలో కాగితం అక్కర్లేని మాట. ఆ పిల్ల, పంచవర్ణం, పెద్దమనిషి అయినప్పుడు మేనమామ వంతుగా పచ్చి కొబ్బరి మట్టలతో గుడిసె కట్టిందీ అంజప్పే. ఆ తర్వాత ఎదురుచూశాడు. ఎదురుచూడటంలో అతన్ని మించినవాడు లేడు.

ఇంతలో కారు చక్రాలు పాడయ్యాయి. ఆ కారువి సైకిలు చక్రాల్లాంటి చువ్వల చక్రాలు. నాలుగు బోల్టులు బిగించి ఊరుకునే రకం కాదు. చక్రం నడుమ లోపలివైపు సన్నని పళ్ళుంటాయి. ఇరుసు మీది పళ్ళతో అవి కలుసుకుంటే, పైన ఒకే ఒక రెక్కల నట్టు పెట్టి సుత్తితో కొట్టి బిగించాలి. పళ్ళు అరిగిపోయి, కారు కదిలినప్పుడల్లా కటకటమని చప్పుడు రాసాగింది. జీపు చక్రాలు ఎక్కవు. సేలంలో దొరికినవి ఎక్కాయి గానీ, అవి బయటికి పొడుచుకొచ్చి, బరువు పడితే టైరు మడ్గార్డుకు రాసుకునేది. ఎంత బరువుకు రాసుకుంటుందో తేల్చుకోవడానికి అంజప్ప ఎడమ సీట్లో చింతపండు మూటలు పేర్చి బజారంతా తిప్పాడు. పంక్చర్ల మునియప్పన్ అరుగు మీద నుంచి, వధువు బాగుంది, కాస్త పులుపేనని అన్నాడు. బజారంతా నవ్వింది. అంజప్ప కూడా నవ్వాడు. తెలివితక్కువ మనిషి, తనను చూసి నవ్వేవాళ్ళతో కలిసి నవ్వడం అతనికి అలవాటు.

నిజానికి నడక వేగంతో పోయే ఊరేగింపుకు సేలం చక్రాలు చాలు. సన్నపాటి పెళ్ళికొడుకైతే మడ్గార్డు చప్పుడే ఉండదు. కానీ అంజప్ప మనసులో ఉన్నది ఊరేగింపు కాదు. పెళ్ళయిన మర్నాడు పంచవర్ణాన్ని పక్కన కూర్చోబెట్టుకుని హొగేనక్కల్ జలపాతానికి ఘాటు రోడ్డు దిగాలి, కావేరిలో పుట్టి పడవ ఎక్కించాలి. ఆ సంగతి అక్కతో చెప్పుకున్నాడు కూడా. అదే అతను చేసిన తప్పు.

"ఈ ఊగే చక్రాలతోనా నా బిడ్డను ఘాటు దించేది?" అంది వెంకటలక్ష్మమ్మ. "మద్రాసుకు పోయి సరైనవి తెచ్చుకో. వచ్చినాక ముహూర్తం మాట్లాడుకుందాము."

అతను ఎగిరి గంతేసినంత పని చేసి, కొలతకని ఇరుసు మీది పళ్ళ ముక్కను విప్పి గోనెసంచిలో వేసుకుని మద్రాసు బస్సెక్కాడు. పాత సామాన్ల వీధిలో తళతళలాడే చక్రాలు చూపించారు. ఇరుసు ముక్కకు తొడిగి ఆడించి చూశాడు, పళ్ళు వదులుగా ఉన్నాయి, వద్దన్నాడు. మరో కొట్టులో పళ్ళు కుదిరాయి గానీ చక్రం వెడల్పు ఎక్కువ. రోజుల తరబడి మసిలో, తుప్పులో వెతికి చివరికి చూపుకు ఆనని ఒక జత, ఇంకోచోట మరో జత పట్టాడు. ఒక్కొక్క చువ్వనూ తాళంచెవితో తట్టి, చెవి పెట్టి విన్నాడు. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మూగగా పలుకుతుంది. నాలుగింటిలో బాగా మోగినదాన్ని ఎడమవైపుకని గుర్తు పెట్టుకున్నాడు. పంచవర్ణం కూర్చునేది అటువైపు.

ఇంటికి వచ్చేసరికి అక్క వాకిట్లో పందిరి ఉంది. కృష్ణగిరి నుంచి చుట్టాలు దిగి ఉన్నారు. కరెంటు ఆఫీసులో పనిచేసే సుందరరాజన్ అనే కుర్రవాడికి పంచవర్ణాన్ని ఇస్తామని మాటిచ్చేశారు. బావ తల వంచుకుని వక్కలు కత్తిరిస్తున్నాడు. ఆ ఇంట్లో ఆయన మాట ఎప్పుడూ సాగలేదు.

వెంకటలక్ష్మమ్మ తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కుపోయింది. గొంతు తగ్గించింది గానీ మాట తగ్గించలేదు.

"నీ చేతులు చూసుకోరా. ఎంత తోమినా గ్రీసు పోదు. ఆ వాసనకు దానికి కడుపులో తిప్పుతుందంట. ఎస్సెల్సీ చదివిన పిల్ల."

"మరి నన్ను మద్రాసుకు ఎందుకు పంపినావు అక్కా?"

"మాప్పిళ్ళ గవర్నమెంటు ఉద్యోగి. ఊగే బండిలో ఊరేగిస్తే మన మానం పోదా?"

ఒక మనిషిని ఇంత తేలిగ్గా, ఇంత పొదుపుగా కోసేయవచ్చని ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. బయట పెద్దలు పిలిచారు. పిల్లను బయటికి ఇస్తుంటే, ముందు మేనమామ తాంబూలం అందుకోవాలి. అందుకోకపోతే సంబంధం నిలవదు. అందరూ అతని చేతుల వంకే చూస్తున్నారు. గుమ్మం పక్కన పంచవర్ణం తలుపు చెక్కను గోటితో గీకుతోంది గానీ, అతని వైపు తిరగలేదు. ఒక్కసారి తిరిగి ఉంటే కాదనేవాడేమో. ఆ గ్రీసు చేతులే చాచి తాంబూలం తీసుకున్నాడు.

ఊరేగింపు నాడు కారు పూలపల్లకిలా సాగింది. చప్పుడు లేదు, ఊపు లేదు. మునియప్పన్ కూడా అరుగు దిగి వచ్చి చక్రాలు ముట్టుకుని చూశాడు. మర్నాడు పెళ్ళికూతుర్ని పందిట్లోకి నడిపించుకొచ్చిందీ అంజప్పే, మేనమామ కదా.

ఆ తర్వాతి ఉదయం కొత్తజంట హొగేనక్కల్ పోవాలన్నారు. సుందరరాజన్‌కు డ్రైవింగు వచ్చు. కొత్తగా ఎక్కించిన చక్రాలు, ఘాటు దిగడం మొదలయ్యేలోపు నట్లు మరోసారి బిగించాలి, నేనూ వస్తానని అంజప్ప అన్నాడు.

అక్క నవ్వింది. "రెండే సీట్లు కదరా. నువ్వెక్కడ కూర్చుంటావు?"

చుట్టాలంతా నవ్వారు. ఈసారి అంజప్ప నవ్వలేదు. సుత్తి తీసుకుని కారు పక్కన గొంతుకూర్చున్నాడు. కుడివైపు, సుందరరాజన్ కూర్చునేవైపు, నట్టు ముందు చేయి ఆగింది. ఒక్క దెబ్బ తక్కువ కొడితే చాలు, ఘాటు మలుపులో లెక్క తేలిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీదే అసహ్యం వేసింది. పంచవర్ణం ఎక్కే బండి అది. నాలుగు నట్లనూ చెయ్యి అదిరేదాకా కొట్టాడు.

సాయంత్రానికి కారు క్షేమంగా తిరిగొచ్చింది. పంచవర్ణం ఎడమవైపు నుంచి దిగి, ఆకులో చుట్టిన వేపుడు చేపను మామ చేతికివ్వబోయి, ఆ చేతుల్ని చూసి పక్కనున్న రాతి మీద పెట్టింది.

"ఘాటులో నిద్ర పట్టేసింది మామా, ఆయన భుజం మీద," అంది. "ఒక్క చక్రమూ అదరలేదు."

ఆమె లోపలికి పోయింది. అంజప్ప సుత్తి తీసుకుని, బిగిసే ఉన్న నట్లను మళ్ళీ బిగించసాగాడు.