దివాన్ మీద ఈత

ఈవేళ పొద్దున పెరుగు డబ్బా కోసం కిందికి దిగితే మా బిల్డింగు స్విమ్మింగ్‌పూల్ ఎండిపోయి కనిపించింది. గట్టున ఇసుక బస్తాలు. పూడ్చేస్తున్నారేమోనని గుండె జారిపోయింది. టైల్స్ మారుస్తున్నారంతే, వారంలో నీళ్ళు నింపుతారని వాచ్‌మన్ చెప్పాక గానీ కుదుటపడలేదు. దుబాయ్‌లో బిల్డింగుకో పూల్ ఉంటుంది, ఒకటి పోతే నాకేం నష్టం? కానీ ఎదురింటి టీచరమ్మ గుర్తొచ్చింది.

ఆవిడ అమెరికా నల్లజాతి మనిషి, ఇక్కడి స్కూల్లో ఇంగ్లిషు చెప్పేది. అరవై దాటినా మా ఇంట్లో అల్లం పచ్చడి వేసుకుని పెసరట్లు లాగించేది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి పూల్‌లో తెల్లపిల్లలే దిగాలట. ఈవిడ కంచె బయట నిలబడి చూసేదట. పౌరహక్కుల చట్టం వచ్చి, ఇక అందరూ దిగొచ్చంటే, వాళ్ళమ్మ ఏడేళ్ళ కూతురికి పసుపురంగు ఈతబట్టలు కుట్టింది. తీరా వెళ్తే అక్కడ లారీలు మట్టి దింపుతున్నాయి. నల్లపిల్లలతో కలిసి ఈదడం కంటే పూడ్చేయడమే నయమనుకున్నారు ఆ ఊరి పెద్దలు. అలా ఈత రాకుండానే మిగిలిపోయానని, ఇదంతా నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు నేను చూడలేకపోయేదాన్ని.

నేను తెలుగులో చెప్తే విని భోరుమన్నది మా ఇంట్లో పనిచేసే అక్క. కోనసీమ మనిషి, కాలవలో ఈది పెరిగింది. "నే నేర్పుతానని చెప్పండమ్మా" అంది నాతో. అప్పుడు కరోనా, పూల్‌కి తాళం. అక్క ఆగలేదు. మా హాల్లో దివాన్ మీద టీచరమ్మను బోర్లా పడుకోబెట్టింది. "యల్లా, కానివ్వండి మేడమ్! కాళ్ళు కొట్టండి, దివాను ఇరిగిపోవాలండి!" మూతికి మాస్కుతో, ఆయాసపడుతూ, మా హాలంతా ఈదేసింది మహాతల్లి. కూర్చునే చోటు లేక మా ఆయన బాల్కనీకి మకాం మార్చాడు.

పూల్ తెరిచిన రోజు టీచరమ్మ పసుపురంగు ఈతబట్టలే కొనుక్కొచ్చింది. ముగ్గురం కిందికి వెళ్ళాం. గేటుకు కొత్త బోర్డు: ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ప్రవేశం లేదు. మేనేజరుతో పోట్లాడాను. "రూల్ మేడమ్, ఖలాస్" అన్నాడు. "మీరు దిగండి మేడమ్, నే ఇక్కణ్ణించే చెప్తానండి" అంటూ అక్క కంచె పట్టుకుని నిలబడింది. టీచరమ్మ ఆ కంచెనీ, అక్క వేళ్ళనీ చూసింది. తర్వాత అక్క చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నడిచింది. "అక్కడ నిలబడ్డదాన్ని నేను. ఆమెను వదిలి లోపలికి ఎలా వెళ్తాను?" అంది నాతో. ఆ ఏడాదే ఉద్యోగం ముగించుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. పోయినేడు ఆవిడ కూతురు ఫోన్ చేసి, అమ్మ లేదని చెప్పింది. చివరిదాకా నీళ్ళలో దిగనేలేదట.

వాచ్‌మన్ ఇందాక ఇంకో మాట కూడా చెప్పాడు. మేనేజ్‌మెంటు మారిందట, ఆ బోర్డు తీసేశారట. పైకొచ్చి అక్కకు చెప్పాను. చపాతీలు వత్తుతూ తలెత్తలేదు. "ఆ తల్లి దిగని నీళ్ళలో నేనేం దిగుతానండి" అంది.

దివాన్ ఒక పక్కకి ఇప్పటికీ కుంగే ఉంది, బాగుచేయించడానికి మనసొప్పలేదు. చట్టాలైనా బోర్డులైనా ఎప్పటికో అప్పటికి మారతాయి, కాదనను. కానీ ఏడేళ్ళ పిల్ల అప్పటిదాకా ఏడేళ్ళ పిల్లగానే ఉండిపోదు కదా.