మొదటి బంతికి ఇస్త్రీ చొక్కా

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, భవానీపురంలో కృష్ణ ఒడ్డునున్న ఖాళీ జాగాలో ఏటా వేసవి సెలవుల్లో క్రికెట్ పోటీలు జరిగేవి. ఆట మొదలయ్యే ముందు ఎవరో ఒక పెద్దమనిషి లాంఛనంగా మొదటి బంతి వేసేవారు. చందా ఎక్కువిచ్చినవాడే ఆ ఏటికి పెద్దమనిషి. ఆ పద్ధతి నాకు అప్పుడే నచ్చేది కాదు.

నేను చెప్పబోయే ఏడాదే ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయంలోనే సాగింది. అక్కడ అట్ట ఊడిన ఒక పాత పత్రికలో, అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉందనీ, ఆటకు ముందు ఒక్కోసారి ఆ ఊరి పంతులమ్మనో, మంటలార్పే మనిషినో పిలిచి మొదటి బంతి వేయిస్తారనీ చదివాను. ఆ ముక్క నోటు పుస్తకంలో రాసుకుని, పోటీల కమిటీ సెక్రటరీ గారి మందుల షాపుకి వెళ్లాను.

"ఆడపిల్లవి, నీకెందుకే ఈ గోల? అయినా బేస్‌బాలేంటి, అది కూడా మనవాళ్లే కనిపెట్టారా?" అని ఆయన నవ్వారు.

నేను కదల్లేదు. మా వీధి చివరి ఇంట్లో ఉండే వలల తాతను పిలవమన్నాను. తాత మాకు చుట్టం కాదు. కృష్ణలో వల విసిరి చేపలు పట్టుకునే మనిషి. రేవు మెట్ల మీద జారిన మా తమ్ముణ్ణి ఒడ్డుకు చేర్చింది ఆయనే. ఆ ఏడు ఆడబోయే కుర్రాళ్లలో ముగ్గురిని నీళ్లలోంచి లాగింది కూడా ఆయనే. ఆ మాట చెప్పేసరికి సెక్రటరీ గారి నవ్వు ఆగింది. మర్నాడు తనే వెళ్లి తాతను పిలిచి వచ్చారు.

ఆ వారమంతా తాత రెండు పచ్చి నిమ్మకాయలు పట్టుకుని మా పెరటి గోడకేసి విసురుతూనే ఉన్నాడు. "వలైతే చెయ్యి దానంతటదే తిరుగుద్దమ్మా. ఇదేంటో వేలు వదల్దు" అనేవాడు. పోటీ రోజున ఇస్త్రీ బండి దగ్గర తెల్లచొక్కా మడత నలగకుండా చేయించుకుని, తల దువ్వుకుని, అందరికంటే ముందొచ్చి మొదటి వరస కుర్చీలో కూర్చున్నాడు.

తీరా మొదలుపెట్టే వేళకు వన్ టౌన్ నుంచి ఒక హోల్‌సేల్ వ్యాపారి కారు దిగారు. వెండి కప్పు ఆయన ఇస్తానన్నారట, పొద్దున్నే. సెక్రటరీ గారు తాత దగ్గరకొచ్చి, "ఏమనుకోకు తాతా, వచ్చే ఏడు నువ్వే" అంటూ భుజం తట్టి లేపారు. అదే కుర్చీని తుండుతో తుడిచి వ్యాపారికి వేశారు. ఆ తుడవడం చూసి నా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా ఇంకా మండుతూనే ఉంది.

వ్యాపారి గారు చెప్పులతోనే వచ్చి బంతి వేశారు. అది చేతిలోంచి జారి వికెట్ల వైపు కాక, పల్లంలోకి దొర్లి నదిలో పడింది. కమిటీ దగ్గర డజను బంతులున్నాయి. కానీ అతిథి వేసిన బంతి నీళ్లపాలైతే అపశకునమని ఎవరో అన్నారు. అంతే, అందరి తలలూ ఒక్కసారి తాతవైపు తిరిగాయి.

"తాతా, కాస్త దిగవూ? నీకెంతసేపు!" అని అరిచారు సెక్రటరీ గారు.

తాత గట్టు మీద నిలబడి చొక్కా అంచు సవరించుకున్నాడు. "పిలుపందుకుని వచ్చాను బాబూ. పిలిస్తే వచ్చినోళ్లని నీళ్లలోకి దింపుతారా ఎక్కడన్నా?"

"బంతి పోతోంది తాతా!"

"పోనీ. మనిషి పడితే చొక్కా కూడా చూసుకోను, దూకేస్తా. బంతికి మాత్రం దిగను."

అప్పుడు సెక్రటరీ గారి కన్ను నా మీద పడింది. "అమ్మాయ్, నువ్వన్నా వెళ్లు." చెబితే చేసెయ్యడం అలవాటైన పిల్లను. అంత కోపంలోనూ పరికిణీ ఎత్తి పట్టుకుని రెండడుగులు వేశాను. తాత నా మణికట్టు పట్టుకుని ఆపాడు. నా వైపు చూడలేదు.

చివరికి సెక్రటరీ గారే ప్యాంటు మడిచి మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. బంతి ఆయనకు అందకుండా మెల్లగా తేలుతూ బ్యారేజీ వైపు పోయింది. గట్టు మీద ముందు నవ్విన ముగ్గురు, తాత ఒకప్పుడు ఒడ్డుకు లాగిన కుర్రాళ్లే.

వచ్చే ఏడు అన్నది ఎప్పటికీ రాలేదు. తాత కూడా ఇక అటు వెళ్లలేదు. ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను. మర్యాద గురించి, ఆత్మగౌరవం గురించి మంచి మాటలు నోటు పుస్తకాల నిండా రాసుకున్నాను. కానీ నన్ను కుర్చీలోంచి లేపినవాళ్లే, పని పడగానే "కాస్త ఇది చేసిపెట్టవూ" అని పిలిచినప్పుడు నాకు ఆ పుస్తకాలేవీ గుర్తుకురావు. వలతాళ్లు ఒరుసుకుని గరుకెక్కిన ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంటుంది. నేను ఆగుతాను. నీళ్లలో పడింది మనిషా, బంతా అని ముందు చూస్తాను.