తూము మూల చీటీ

లక్ష్మీకాంతమ్మగారి అనుమానం అంతా ఇంతా కాదు. అవనిగడ్డ మార్కెట్లో టమాటాలకెళ్తే పైన పేర్చినవి ముట్టుకునేదే కాదు. బుట్ట అడుగుదాకా చెయ్యి పోనిచ్చి, నాలుగు పైకి లాగి, "పైన నిగనిగ, లోపల కుళ్లు! నాకు తెలీదనుకున్నావా?" అని కొట్టువాణ్ణి అందరిముందూ కడిగేసేది. చివరికి ఆవిడ గొడుగు కనబడగానే వాళ్లే బుట్ట మొత్తం కింద గుమ్మరించేసేవాళ్లు.

అలాంటి మనిషి, భర్త పోయాక, దివిసీమంతా టైగర్ రొయ్యలంటూ ఊగిపోతున్న రోజుల్లో, వరి పండే మూడెకరాలూ చెరువు తవ్వించింది. ఆవిడకున్నదల్లా అదే. రెండో ఏడు చుట్టుపక్కల చెరువులకి తెల్లమచ్చ రోగం తగులుకుంది. కనబడ్డ వెంటనే రొయ్యల్ని పట్టేస్తే కొంతైనా దక్కుతుంది, ఆలస్యమైతే చెరువు మొత్తం పోయినట్టే. ఇప్పుడే పట్టెయ్యాలా, ఇంకా పెరగనివ్వాలా? ఆవిడకి అన్నం సయించడం లేదు.

చెరువు చూడ్డానికి రొయ్యల రోగాలు పరీక్షించే లాబ్ నుంచి గాయత్రి వచ్చింది. బందరులో రొయ్యల పెంపకం చదువుకున్న పిల్ల. కాగితం మీద చెరువు బొమ్మని గళ్లుగా గీసి, గడికో చీటీ రాసి, స్టీలు గ్లాసులో వేసి కుదిపింది.

"ఏ చీటీ వస్తే ఆ గడిలో వల వేయిద్దామండీ. మనకిష్టమైన చోట వేస్తే అసలు సంగతి తెలీదు."

"చీటీలు రాసేదీ నువ్వే, తీసేదీ నువ్వేనా? భలేదానివే!"

పొద్దున్నే రొయ్యల వ్యాపారి గోవర్ధనరావు మోటారుసైకిలు గట్టు మీద కనబడిందాయె. ఈ పిల్లా అతనూ కూడబలుక్కున్నారు, తనని బెదరగొట్టి పెరగని రొయ్యల్ని చవగ్గా కొట్టేద్దామని. ఇంకేముంది! "ఇలా తే గ్లాసు. నేనే తీస్తా."

తీసింది. తూము మూల వచ్చింది.

"ఛీ, అక్కడ నాచు తప్ప ఏముంది?" అని మళ్లీ గ్లాసులో పడేసింది. రెండోసారి గట్టు వార. అదీ పనికిరాదంది. రొయ్యలకి మేత పెట్టే పళ్లెం ఉన్న గడి వచ్చేదాకా శాంతించలేదు. వల విసిరే అంకమ్మరావు అక్కడే విసిరాడు. లావుపాటి రొయ్యలు వలలో ఎగిరెగిరిపడ్డాయి.

"చూశావా? నిక్షేపంలా ఉన్నాయి!"

"మేతకొచ్చినవి బాగానే ఉంటాయి పిన్నిగారూ. రాలేనివాటి మాటేమిటి? ఆ మూల ఒక్క వల వేయించండి, మీకు దణ్ణం పెడతాను."

"నిన్నెవరు పంపారో నాకు తెలుసులే. వెళ్లిరా అమ్మా."

వారం తిరక్కుండానే ఒక పొద్దున తూము మూల కొంగలు గుంపుగా వాలాయి. లక్ష్మీకాంతమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. నాచు నిండా ఎర్రబారిన రొయ్యలు, పెంకుల మీద తెల్లటి చుక్కలు. అంకమ్మరావు చెరువు చుట్టూ వల విసిరాడు. ఎక్కడ విసిరినా చచ్చినవే వచ్చాయి, మేత పళ్లెం దగ్గర కూడా. గోవర్ధనరావు వచ్చి, ఒకటి చేత్తో పట్టుకు చూసి, బేరం మాటే ఎత్తకుండా వెళ్లిపోయాడు.

ఆవిడ గట్టు మీద చతికిలబడింది. "ఎవరో మందు కలిపార్రా అంకమ్మరావూ! నా పొట్ట కొట్టారు. ఎవర్రా? ఆ పిల్లేనా? గోవర్ధనమా?"

అంకమ్మరావు వల పిండుతూ తలెత్తలేదు. "ఎవురూ కలపలేదమ్మగారూ. ఆ రోజు ముందొచ్చింది ఈ మూలేగా. మీరే మళ్లీ గ్లాసులో ఏశారు."

ఆవిడ నోరు తెరిచింది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.