ఆడవాళ్ల గంట

మా వెంచర్ క్లబ్బులో స్విమ్మింగ్ పూల్ పచ్చబడగానే కమిటీ సెక్రటరీ వాట్సాప్ గ్రూపులో ఒకే ముక్క పెట్టాడు: ఆడవాళ్ల గంట రద్దు. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా మాది. మోకాళ్లు అరిగి నడక మానేసిన నాకు ఇబ్రహీంపట్నం మొత్తంలో ఒళ్లు తేలికయ్యే చోటు ఆ నీళ్లొక్కటే.

"మీ తలనూనెలే అక్కా. క్లోరిన్ ఎంత పోసినా ఆగుతలేదు," అన్నాడు సెక్రటరీ.

"తలస్నానం చేసే దిగుతున్నం తమ్మీ. నూనె అని నీకెవరు చెప్పిన్రు?"

"చెప్పేదేముంది, కనవడ్తలేదా?"

కనబడేదానికన్నా కొలిచినదాన్నే నమ్ముతాను నేను. చదువు పదితో ఆగినా, చక్రవడ్డీ నుంచి స్లాబు సిమెంటు దాకా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. పూల్ నీళ్ల గురించీ అలాగే చదివాను. క్లోరిన్ నాచును చంపుతుంది. కానీ నీళ్లలో ఫాస్ఫేటు ఎక్కువుంటే నాచుకు తిండికి కొదవ ఉండదు. క్లోరిన్ కాస్త తగ్గితే చాలు, మళ్లీ పుడుతుంది. ఫాస్ఫేటు కొలిచే కిట్టు తెప్పించాను. గొట్టంలో నీళ్లు పోసి పొడి కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ముదిరినకొద్దీ ఫాస్ఫేటు ఎక్కువ.

పూల్‌లోకి పట్టే బోరు నీళ్లు కొంచెమే నీలమయ్యాయి. పూల్ నీళ్లు కిట్టుతో వచ్చిన రంగుల కార్డు మీది చివరి రంగును అందుకున్నాయి. ఇన్వర్టర్‌లో పోసే, ఏమీ కలవని బ్యాటరీ నీళ్లలో కొబ్బరినూనె గిలకొట్టి చూశాను. రంగు రాలేదు. మరి ఎక్కడిది?

వాన పడుతుంటే గొడుగేసుకుని పూల్ దగ్గర నిలబడ్డాను. పచ్చిక మీది నీళ్లు వాలుగా వచ్చి నేరుగా పూల్‌లో పడుతున్నాయి. ఆ పచ్చిక అంటే సెక్రటరీకి గర్వం. కందుకూరులో ఆయనకు వ్యవసాయం ఉంది. మబ్బు పట్టగానే పొలంలో చల్లించినట్టే ఇక్కడా ఫాస్ఫేటు నిండిన డీఏపీ ఎరువు చల్లిస్తాడు. ఆ నీళ్లు పట్టి చూస్తే గొట్టం సిరాబుడ్డిలా అయింది. ఒక వంతుకు తొమ్మిది వంతుల బ్యాటరీ నీళ్లు కలిపినా కార్డు దాటింది.

గొట్టాలన్నీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"డీఏపీ ఎయ్యకుంటే గడ్డి ఎట్ల పెరుగుతది?" అన్నాడు.

"గడ్డితోని నాచు గూడ పెరిగింది. మంచిగ పండించినవ్ తియ్."

నాతో వచ్చిన పక్కింటావిడ పకపకా నవ్వింది. ఆయన మొహం ముడుచుకుని, ఫాస్ఫేటు తీసే మందు పోయిస్తానన్నాడు. అది పోస్తే నీళ్లు పాలలా తెల్లబడతాయి, ఆ తెలుపంతా ఫిల్టరుకు పట్టేస్తుంది, ఫిల్టరును కడుగుతూ ఉండాలి. అందాకా ఎవరూ దిగకూడదు.

"నీళ్లు తేటైనంక ముందుగాల సాయంత్రం మొగోళ్లకు తెరుద్దం. ఆడోళ్లది మెల్లగ చూద్దం," అన్నాడు.

"మూస్తే అందరికి మూయ్. తెరిస్తే అందరికి తెరువ్. లేకుంటే సాయంత్రం మేము గూడ దిగుతం."

ఆయన మందు పోయించాడు. పచ్చిక నీళ్లు బయటికి పోయేలా కాలువ కూడా తవ్వించాడు. నీళ్లు తేటపడ్డాక క్లోరిన్, ఫాస్ఫేటు రెండూ నేనే కొలిచాను. రెండూ సరిగానే ఉన్నాయి. మర్నాడు పొద్దున ఆరింటికి గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని ఆపి, సార్‌ను అడగాలన్నాడు.

"అడుగు," అన్నాను.

అవతల ఆయన ఫోను ఎత్తేలోపే మేం నీళ్లలో ఉన్నాం.