మెల్బీకి గొడుగు పట్టిన చెయ్యి

ఏ పనైనా ఒక్కసారి జరిగితే జరిగినట్టు బుల్లియ్య ఒప్పుకోడు. పొద్దున్నే యాంగోన్ నగరంలోని అహ్లోన్‌లో వీధి మొగన ఉన్న మ్యా మ్యా టీ కొట్టుకు వచ్చి పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటాడు. ఆమె టీ కప్పు తెచ్చి పెడుతుంది. ఆయన రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి చిన్న కిటికీ కట్టి, అందులోంచి ఒంటికన్నుతో కప్పును చూసి, "ఇంకోపాలి" అంటాడు. ఆమె కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ తెచ్చి పెడుతుంది. బర్మా మనిషి మ్యా మ్యాకు తెలుగులో వచ్చింది ఆ ఒక్క మాటే. టీ పూర్తిగా చల్లారాక గాని ఆయన నోట్లోకి వెళ్ళదు. ఈ కొట్టులో వేడి టీ దొరకదని ఊరంతా చెప్పేదీ ఆయనే.

ఈ జబ్బు అంటించినవాడు ఆర్థర్ మెల్బీ అనే హాలీవుడ్ దర్శకుడు. మెల్బీ ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, తన రెండో సినిమా కోసం అప్పట్లో రంగూన్ అనే ఈ నగరానికి వచ్చి అహ్లోన్ రేవులో షూటింగు చేశాడు. అక్కడి తెలుగు రేవు కూలీ కొడుకు బుల్లియ్య ఆయనకు ఎండ తగలకుండా గొడుగు పట్టాడు. అక్కడ తీసిన సీనులో తల్లి కొడుకును ఓడ దగ్గర సాగనంపాలి. మెల్బీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కొడుకును ఓడ ఎక్కించాడు, దింపాడు, ఎక్కించాడు. చివరికి ఆ నటుడికి నిజంగానే ఓడంటే వాంతి వచ్చిందని బుల్లియ్య చెబుతాడు.

తీరా సినిమా విడుదలైతే అందులో ఆ సీను లేదు. కత్తిరించేశారు. రేవు మనుషులందరూ టికెట్లు కొనుక్కుని వెళ్ళి, తమ రేవు కనబడక ముఖాలు వేలాడేసుకుని వచ్చారు. బుల్లియ్య ఒక్కడే నవ్వుతూ వచ్చాడు.

"అంత బావొచ్చిన సీను ఊరందరికీ సూపిస్తాడేటి? దాసుకున్నాడు."

ఆ తర్వాత మెల్బీ ఎక్కడికో వెళ్ళిపోయాడు. యుద్ధం సినిమా తీశాడు, రైలు సినిమా తీశాడు, గుడ్డిపిల్ల సినిమా తీసి బంగారు బొమ్మ పట్టుకుపోయాడు. ఇన్ని గెలుపుల్లోనూ బుల్లియ్యకు వాటా ఉంది.

"రైలు సినిమాలో ఆ ఎలుగు సూసినావా? నా గొడుగు కింద నేర్సుకున్నదే."

"గొడుగు కింద ఉండేది నీడ కదా తాతా?" అని అడిగింది ఎదురింటి మూడో అంతస్తులో ఉండే పద్మిని. మనుషులతో మాట్లాడాల్సి వస్తే పుస్తకంలో తలదూర్చే పిల్ల, ఆయనతో మాత్రం వాదనకు దిగుతుంది.

"నీడ తెలిసినోడికే గదే ఎలుగు తెలిసీది."

మెల్బీ చంద్రమండలం సినిమా తీసి బోర్లా పడినప్పుడు మాత్రం బుల్లియ్య బాధ్యత తీసుకోలేదు. "ఆ సినిమాకి గొడుగెవుడు పట్టినాడో వాణ్ణి అడగండి" అన్నాడు.

మెల్బీ ముసలితనంలో చనిపోయాడని తెలిసిన రోజు బుల్లియ్య ఫోటో కొట్టుకు వెళ్ళి ఆయన బొమ్మ పెద్దది చేయించి, గోడకు తగిలించి, మల్లెదండ వేశాడు. పద్మిని చూసి నసిగింది.

"తాతా, ఈయన మెల్బీ కాదు. ఆయన సినిమాలో విలన్."

బుల్లియ్య వేళ్ళ కిటికీలోంచి చాలాసేపు చూశాడు. "అయితే ఏటి? వీడికి మాత్రం దండేసేవోడు ఎవుడున్నాడు?" అన్నాడు. దండ అలాగే ఉంచాడు.

ఆ వీధి కుర్రాడు సత్యప్రసాద్ పెళ్ళి సంగతి అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. తాళి కట్టగానే బుల్లియ్య ముందుకు వచ్చి, "ఇంకోపాలి" అన్నాడు. పంతులుగారికి ఒళ్ళు మండింది.

"మూడు ముళ్ళూ పడిపోయాయండీ."

"ముడి బావుంది పంతులూ. మొగమే బావునేదు. పెళ్ళికొడుకు బస్సు తప్పిపోనోడి నాగున్నాడు."

పెళ్ళికూతురు తలెత్తి మొగుణ్ణి పరీక్షగా చూసి, "తాత నిజమే చెప్పాడు" అంది. సత్యప్రసాద్ నవ్వాక గాని బుల్లియ్య ఫోటో తీయనివ్వలేదు.

అన్నిటికంటే ఆయన పట్టుదల ఎవరైనా ఊరు వెళ్ళేటప్పుడు చూడాలి. రోజూ నది అవతలి దలాకు చేపలకోసం వెళ్ళే చిన్నమ్మిని కూడా వదలడు. మొగుడికి వెళ్ళొస్తానని చెప్పింది సరిగా లేదని వెనక్కి పంపిస్తాడు. పడవ తప్పిపోతుందని ఆమె తిడుతుంది. తిడుతూనే వెనక్కి వెళ్తుంది. ఇన్నేళ్ళలో ఎవరు ఎలా చేసినా ఆయన నోట ఓకే అన్న మాట రాలేదు. మెల్బీ కూడా రేవులో ఆ మాట అనలేదట, చీకటి పడితే లైట్లు కట్టేసుకుని వెళ్ళిపోయాడట.

ఇంతలో పద్మినికి మలేసియాలోని పెనాంగ్‌లో ఉద్యోగం వచ్చింది. టికెట్టు కొన్న రోజు నుంచి తల్లి లక్ష్మీదుర్గ కూతురితో మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే గనక, చెప్పాల్సినవన్నీ రైస్‌ కుక్కరుకు చెప్పేది. "నువ్వే నయమే, స్విచ్చేస్తే పలుకుతావు, పెట్టిన కాడ ఉంటావు." పద్మినికి బదులు చెప్పాలని ఉండేది. కుక్కరుకు అడ్డం వచ్చి మాట్లాడటం ఎలాగో తెలిసేది కాదు. అమ్మ ఒక్క మాట అనకుండా గడప దాటితే, ఆ మౌనాన్ని పెనాంగ్ దాకా మొయ్యాలి. ఆ పిల్ల భయమంతా అదే.

వెళ్ళే రోజు రానే వచ్చింది. తల్లి వీధివైపు బాల్కనీలో గోడవైపు తిరిగి కూర్చుంది. పద్మిని పెట్టె పట్టుకుని ఒక్కతే దిగింది. కింద టాక్సీ, డ్రైవరు హ్తెట్ ఆంగ్, వేళ్ళతో కిటికీ కట్టి నిలబడ్డ బుల్లియ్య.

"వెళ్ళొస్తాను తాతా" అని పద్మిని కారెక్కింది. కారు నాలుగు గజాలు కదిలింది.

"ఇంకోపాలి."

"తాతా, ఇవాళ వద్దు. విమానానికి వేళవుతోంది."

"విమానం ఎక్కడికెలిపోద్దే, ఆకాశం పెద్దదే. దిగు."

కారు వెనక్కి వచ్చింది. పద్మిని దిగింది. అప్పుడే పైనుంచి తాడు కదిలింది. యాంగోన్ మేడల్లో ప్రతి బాల్కనీకీ వీధిలోకి వేలాడే తాడు ఒకటి ఉంటుంది. కూరలూ, పాలూ, పేపరూ అన్నీ దాని మీదే ఎక్కుతాయి. ఇప్పుడు దాని చివర ఒక గొడుగు దిగింది. పద్మిని మర్చిపోయిన గొడుగు.

"వెళ్ళొస్తాను" అంది పద్మిని, గొడుగు అందుకుని.

"ఇంకోపాలి" అన్నాడు బుల్లియ్య.

కారు వెళ్ళింది, వచ్చింది. ఈసారి తాడు మీద సంచిలో ఆవకాయ సీసా దిగింది. ఆ తర్వాత చలికోటు దిగింది, పెనాంగ్‌లో ఎందుకూ పనికిరానిది. హ్తెట్ ఆంగ్‌కు మొదట విసుగొచ్చింది, తర్వాత ఉత్సాహం వచ్చింది. ఒకసారి తనంతట తనే వెనక్కి వచ్చి, తలుపు వెయ్యడం తనకే నచ్చలేదని బర్మా భాషలో చెప్పాడు. మ్యా మ్యా కొట్టు వదిలి వచ్చి, కెటిల్ చేత్తో పట్టుకునే చూస్తోంది.

ఇంకోసారి అయ్యేసరికి తాడు దిగలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

లక్ష్మీదుర్గ వచ్చి కూతురి ఎదురుగా నిలబడింది. చెయ్యి చాపి, కూతురి నుదుటి మీద జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"తల దువ్వుకోడం ఇప్పటికీ రానేదు. ఎల్లిన కాడ ఎవులు సెప్తారే నీకు?"

"నువ్వే ఫోన్లో చెప్పమ్మా."

బుల్లియ్య చేతులు దించాడు. "ఓకే" అన్నాడు.

వీధి ఉలిక్కిపడింది. మ్యా మ్యా చేతిలో కెటిల్ ఒలికింది. లక్ష్మీదుర్గ మాత్రం కూతురి చెయ్యి వదల్లేదు.

"ఏటి ఓకే, బాబాయ్? ఇంకోపాలి."

"సాలమ్మా. ఆ పిల్ల విమానం తప్పిపోతాది" అన్నాడు బుల్లియ్య, జీవితంలో మొదటిసారి గడియారం చూసి.

ఆ ఇంకోసారీ అయ్యాక, కారు అద్దం దించి పద్మిని అడిగింది. "మొదట్లో నేను అంత బాగా చెయ్యలేదా తాతా?"

"నువ్వు మొదటిపాలే బాగా సేసినావే. పైన మీ యమ్మే ఇంకా తయారవనేదు." ఆయన కారు తలుపు మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు. "మా అక్క ఇండియా ఓడెక్కినపుడు మా యమ్మ మొగం కడుక్కొస్తానని అలాగెల్లింది. వచ్చీసరికి ఓడ ఎలిపోనాది. మెల్బీ దొర అప్పటికే ఎలిపోనాడు గదా, ఆ ఓడని ఎనక్కి రమ్మనీవోడు నేకపోనాడు."

కారు మలుపు తిరిగేదాకా పద్మిని వెనక అద్దంలోంచి చూసింది. బుల్లియ్య మళ్ళీ కట్టిన వేళ్ళ కిటికీ తన వైపు లేదు, అమ్మ వైపు ఉంది. ఇవాళ మొదటి నుంచీ ఎప్పుడూ తన వైపు లేదని, అది బాల్కనీ వైపే ఉండేదని, అప్పుడు తట్టింది.

బుల్లియ్య ఇప్పటికీ అహ్లోన్‌లో అదే వీధిలో, కింది అంతస్తు గదిలో, విలన్ బొమ్మతో కలిసి ఉంటున్నాడు. మధ్యాహ్నం భోజనం లక్ష్మీదుర్గ బాల్కనీ నుంచి తాడు మీద దిగుతుంది. దాన్ని మాత్రం మొదటిసారికే అందుకుంటాడు.